వెనక యాక్సిల్ విరిగితే: షాఫ్టు మారిస్తే చాలా, హౌసింగే మార్చాలా?

వెనక చక్రాన్ని తిప్పే షాఫ్టు విరిగితే, దాన్ని బయటికి లాగి బల్ల మీద పెట్టగానే ఎవరికైనా ముందు తట్టే ప్రశ్న, "కొత్తది ఎక్కడ దొరుకుతుంది?" నేనూ అదే అడిగాను. మెకానిక్ జవాబు చెప్పలేదు. విరిగిన మొహాన్ని డీజిల్ గుడ్డతో తుడిచి వెలుతురులోకి తిప్పాడు. ముప్పావు వంతు నల్లగా, నున్నగా ఉంది. ఒక అంచున మొదలై లోపలికి పాకిన అలల్లాంటి గీతలు కనిపిస్తున్నాయి. మిగిలిన పావు వంతు మాత్రం పంచదార పలుకుల్లా తెల్లగా మెరుస్తోంది.

"ఇది ఇవాళ విరిగింది కాదు సార్. ఇవాళ తెలిసిందంతే" అన్నాడు.

నిజానికి ఆ కుడి పక్క షాఫ్టు పోవడం అది రెండోసారి. మొదటిసారి విరిగినప్పుడు ఎవరూ మొహం చూడలేదు. పాత బండి కదా, ఇనుము అలిసిపోయి ఉంటుందని సరిపెట్టుకుని, కొత్త షాఫ్టు వేసి ఊరుకున్నాం. ఏడాది తిరగకుండా అదే పక్క, బేరింగ్ కాలర్‌కి వేలెడు దూరంలో, అదే చోట మళ్లీ విరిగింది. అసలు దోషం హౌసింగ్‌లో, అంటే షాఫ్టు తిరిగే ఇనప తొడుగులో ఉంది. ట్యూబు వంగి ఉంది. నేను అప్పటిదాకా జబ్బుకి కాదు, జ్వరానికి మందు వేస్తూ వచ్చాను.

అందుకే ఏది కొనాలన్న లెక్క ధరల పట్టీతో మొదలుపెట్టొద్దంటాను. ఎక్కడ విరిగింది, ఎలా విరిగింది అన్నది చూస్తే ఉన్న దారుల్లో సగం వాటంతటవే మూసుకుపోతాయి.

మీ యాక్సిల్ ఏ రకం?

పాత ఫోర్ వీల్ బండ్ల వెనక యాక్సిళ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఫుల్ ఫ్లోటింగ్‌లో హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) తన రెండు బేరింగ్‌ల మీద తను తిరుగుతుంది. బండి బరువంతా హౌసింగ్ చివరి స్పిండిల్ మోస్తుంది. షాఫ్టు పని చక్రాన్ని తిప్పడం వరకే. సెమీ ఫ్లోటింగ్‌లో షాఫ్టే చక్రాన్ని తిప్పాలి, షాఫ్టే బరువూ మోయాలి. చక్రం షాఫ్టు చివర బిగించి ఉంటుంది.

గుర్తుపట్టడం తేలిక. చక్రం మధ్యలో చుట్టూ బోల్టులతో బిగించిన ఫ్లాంజి (షాఫ్టు చివరి బిళ్ల) బయటికి పొడుచుకొచ్చి ఉంటే ఫుల్ ఫ్లోటింగ్. సిరీస్ ల్యాండ్ రోవర్లు, డిఫెండర్లు ఈ కోవలోవి. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ వెనక యాక్సిల్ కూడా ఇదే. మధ్యలో ఏమీ లేకుండా డ్రమ్ము మాత్రమే కనిపించినా, ఒకే ఒక్క పెద్ద నట్టు, దానికి పిన్ను ఉన్నా సెమీ ఫ్లోటింగ్. తర్వాతి కాలపు సీజే జీపులు, చిన్న సుజుకీలు ఈ రకం.

రోడ్డు మీద ఉన్నప్పుడే ఈ తేడా అవసరం పడుతుంది. ఫుల్ ఫ్లోటింగ్‌లో షాఫ్టు విరిగితే చక్రం ఎక్కడికీ పోదు. ఫ్లాంజి బోల్టులు విప్పి, విరిగిన ముక్క లాగేసి, ముందు యాక్సిల్‌తో ఇంటికి రావచ్చు. ఫ్లాంజికి అంటుకున్న తోకను పొట్టిగా కోసి, ఫ్లాంజిని తిరిగి బిగిస్తే దుమ్ము లోపలికి పోదు, నూనె బయటికి రాదు. సెమీ ఫ్లోటింగ్‌లో ఆ ఆశ పెట్టుకోకండి. షాఫ్టుకి రెండు చోట్ల ఆధారం ఉంటేనే అది నిలబడుతుంది, ఒకటి బయటి బేరింగ్, రెండోది డిఫరెన్షియల్‌లోని (ఇంజిన్ బలాన్ని రెండు పక్కల చక్రాలకీ పంచే గేర్ల పెట్టెలోని) గేరు. మధ్యలో విరిగితే చక్రం ఒక్క బేరింగ్ మీద వేలాడుతుంది. లోపల సి-క్లిప్పుతో పట్టి ఉంచే రకమైతే ఇంకా ప్రమాదం, షాఫ్టు ముక్కతో సహా చక్రం బయటికి నడిచొచ్చేస్తుంది. డ్రమ్ము పక్కకి జరిగితే బ్రేకు షూలు హద్దు దాటి తెరుచుకుంటాయి, వీల్ సిలిండర్ పిస్టన్లు ఊడిపడతాయి. పాత బండ్లలో బ్రేకు లైను నాలుగు చక్రాలకీ ఒకటే అయితే పెడల్ నేలకి ఆనుతుంది. కాబట్టి సెమీ ఫ్లోటింగ్ విరిగితే వెనక భాగం ఎత్తి టో చేయించడమే. "మెల్లగా పోదాంలే" అనే మాట అనుకోవద్దు.

ముందు యాక్సిల్‌తో వచ్చేవాళ్లు మూడు సంగతులు మనసులో పెట్టుకోవాలి. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ అయితే ముందు హబ్బులు లాక్ చేసి ఫోర్ హైలో వేయాలి. ఎప్పుడూ నాలుగు చక్రాలూ తిరిగే, మధ్య డిఫరెన్షియల్ ఉన్న బండి అయితే ఆ మధ్యదాన్ని లాక్ చేయాలి. లేకపోతే ఇంజిన్ బలమంతా విరిగిన పక్కకే పోయి బండి కదలదు. వెనక డిఫ్ లాక్ (రెండు పక్కల చక్రాలనీ కలిపి తిప్పేది) ఉన్నా వేయకండి, మిగిలిన ఒక్క షాఫ్టూ మొత్తం బరువు లాగాల్సి వస్తుంది.

మూడోదాన్ని ఎవరూ చెప్పరు: హ్యాండ్ బ్రేక్. సిరీస్ ల్యాండ్ రోవర్లు, పాత జీపుల్లాంటి చాలా బండ్లలో హ్యాండ్ బ్రేక్ చక్రాల్లో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకి బలం పంచే గేర్ల పెట్టె) వెనక, యాక్సిల్‌కి బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. ఒక పక్క చక్రం షాఫ్టు విరిగితే ఆ బ్రేకు ప్రొపెల్లర్‌ని పట్టుకుంటుంది గానీ, డిఫరెన్షియల్ గుండా చక్రం మాత్రం హాయిగా దొర్లుతుంది. ఆటోమేటిక్ బండి అయితే గేరు "పార్క్"లో ఉన్నా అంతే. ఫోర్ వీల్‌లో ఉంచితే ముందు చక్రాలు కొంత పట్టుకుంటాయి, కానీ జాకీ పెట్టే ముందు చక్రాలకి రెండు పక్కలా చెక్క దిమ్మెలో రాళ్లో పెట్టకుండా కింద దూరకండి.

విరిగిన మొహం ఏం చెబుతుంది

మొహం అడ్డంగా, చదునుగా తెగి, మధ్యలో సుడి తిరిగినట్టు ఉండి, స్ప్లైన్లు (షాఫ్టు చివర గేర్లో ఇమిడే పళ్లు) మరచుట్టులా మెలిపడి ఉంటే అది ఒక్క దెబ్బకి విరిగింది. లో రేంజిలో (వేగం తగ్గించి బలం పెంచే గేర్లో), రాళ్ల మధ్య, గాల్లో గిర్రున తిరుగుతున్న చక్రానికి ఒక్కసారిగా నేల దొరికినప్పుడు జరిగేది ఇదే. దోషం షాఫ్టుది కాదు, యాక్సిలరేటర్ మీది కాలుది. హౌసింగ్ చాలావరకు బాగానే ఉంటుంది. షాఫ్టు మారిస్తే సరిపోతుంది.

నేను చూసినలాంటి అలల గీతలుంటే అది అలసట. పగులు ఒకచోట పుట్టి, వేల కిలోమీటర్లు కొంచెం కొంచెంగా పాకి, మిగిలిన కాస్త ఇనుమూ ఒకరోజు చేతులెత్తేసింది. నల్లబడిన భాగం ఎంత పెద్దదైతే పగులు అంత పాతది. ఈ గీతలు ఒకే అంచు నుంచి మొదలై, విరిగిన చోటు బయటి బేరింగ్ దగ్గర ఉంటే షాఫ్టు తిరిగిన ప్రతిసారీ వంగుతోందని అర్థం. కారణం మూడింటిలో ఒకటి: ట్యూబు వంగింది, బేరింగ్ అరిగింది, లేదా షాఫ్టు మీద గీతో తుప్పు గుంటో పడింది. ఫుల్ ఫ్లోటింగ్ షాఫ్టు ఇలా విరిగితే మరీ అనుమానించాలి, ఎందుకంటే దాని మీద వంచే బలం అసలు పడకూడదు.

స్ప్లైన్ పళ్ల మొదళ్ల దగ్గర నక్షత్రంలా అన్నివైపుల నుంచీ పగుళ్లు వస్తే అది మెలిపెట్టడం వల్ల వచ్చిన అలసట, అంటే వయసు. రెండో పక్క షాఫ్టు కూడా అన్నే కిలోమీటర్లు తిరిగింది కదా. మారిస్తే రెండూ మార్చండి.

ఇంకొకటుంది. అసలు షాఫ్టు విరగకుండానే విరిగినట్టు అనిపించేది. 1976 నుంచి 1986 వరకు సీజే జీపులకి వచ్చిన ఏఎంసీ మోడల్ 20 యాక్సిల్లో హబ్బు వేరు, షాఫ్టు వేరు. ఏటవాలు చివర మీద హబ్బుని ఎక్కించి, చిన్న కీ పెట్టి, నట్టుతో బిగిస్తారు. కీ తెగితే షాఫ్టు లోపల తిరుగుతుంది, చక్రం తిరగదు. దాని గురించి తర్వాత చెబుతాను.

హౌసింగ్ వంగిందో లేదో

వంగిన హౌసింగ్ ఉత్తినే కనిపించదు. అదే పక్క ఆయిల్ సీల్ మాటిమాటికీ కారడం, అదే పక్క బేరింగ్ పదేపదే పోవడం, టైరు లోపలి అంచో బయటి అంచో మాత్రమే అరగడం, ఇవి దాని గుర్తులు. నా బండికి మూడూ ఉన్నాయి. నేనే పట్టించుకోలేదు.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటి. వెనక రెండు టైర్ల మధ్య గాడిలో సుద్దతో గుర్తు పెట్టి, యాక్సిల్ ఎత్తులో, ముందు వైపు ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. చక్రాలు అర చుట్టు తిప్పి, అవే గుర్తులు వెనక వైపుకి వచ్చాక మళ్లీ కొలవండి. అవే గుర్తులు కాబట్టి టైరు వంకరైనా లెక్క తప్పదు. రెండు కొలతలూ దాదాపు సమానంగా ఉండాలి. నా దానికి ముందు వైపు 9 మి.మీ. తక్కువ వచ్చింది. టేపు సరిగా పట్టుకోలేదేమోనని మూడుసార్లు కొలిచాను. తొమ్మిదే.

ఫుల్ ఫ్లోటింగ్ అయితే ఇంకో పద్ధతి ఉంది. మంచి షాఫ్టు లోపలికి తోసి, ఫ్లాంజిని బోల్టులు లేకుండా హబ్బుకి ఆనించండి. చుట్టూ ఒకేలా ఆనాలి. ఒక పక్క సందు కనిపించి, తిప్పుతుంటే ఆ సందు చోటు మారకుండా అక్కడే ఉంటే ట్యూబో స్పిండిలో వంగినట్టు. వర్క్‌షాపులో అయితే రెండు ట్యూబుల గుండా నిటారు కడ్డీ దూర్చి తేల్చేస్తారు.

పాత షాఫ్టు, కొత్త షాఫ్టు, బలమైన షాఫ్టు

హౌసింగ్ బాగుంటే ఈ మూడింటి మధ్యే ఎంపిక.

పాత బండి నుంచి తీసిన షాఫ్టు చవక. కానీ అలసట పైకి కనిపించదు. నా దానికి లోపల పగులు పాకుతున్నప్పుడు బయటి నుంచి చూస్తే అది కూడా బంగారంలాగే ఉంది. తప్పక కొనాల్సి వస్తే స్ప్లైన్ పళ్ల పొడుగునా స్కేలు ఆనించి మెలి ఉందేమో చూడండి. బేరింగ్ కూర్చునే చోట, సీల్ తిరిగే చోట గోరుతో గీరితే గుంట తగలకూడదు. ఎర్ర రంగు చల్లి, తుడిచి, తెల్ల పొడి కొడితే పగుళ్లు ఎర్రగా బయటపడే స్ప్రేలు దొరుకుతాయి. డబ్బాలతో అరగంట పని. ఆ పరీక్షలో గట్టెక్కిన పాత షాఫ్టును నేను బండిలో అదనంగా పెట్టుకుంటాను, రోజూ తిరిగే బండికి మాత్రం వేయను.

అసలు కొలతల్లోనే కొత్త షాఫ్టు. ఎక్కువమందికి సరైన జవాబు ఇదే, ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొడవు, స్ప్లైన్ పళ్ల సంఖ్య, బేరింగ్ కూర్చునే చోటు వ్యాసం, ఈ మూడూ పాతదానితో పోల్చాకే డబ్బు ఇవ్వండి. ఒకే మోడల్లో మధ్యలో పళ్లు మారిన సందర్భాలు బోలెడు. ల్యాండ్ రోవర్లలోనే 10 పళ్లవీ ఉన్నాయి, 24 పళ్లవీ ఉన్నాయి. ఎడమ, కుడి పొడవులు కూడా చాలా బండ్లలో ఒకటి కావు.

బిగించే పనిలో మాత్రం ఒకచోట దగ్గరుండి చూడండి. బేరింగ్‌ని పట్టి ఉంచే కాలర్ ఒక్కసారి వాడేదే, తీస్తే పారేయాలి. దాన్ని తీయడానికి సగం లోతు డ్రిల్ చేసి, ఉలితో ఒక్క దెబ్బ కొడతారు, కాలర్ పగిలి వచ్చేస్తుంది. డ్రిల్ ఇంకాస్త లోపలికి దిగి షాఫ్టుని గీరిందా, ఆ గీతే రేపటి పగులుకి విత్తనం. విరిగిన షాఫ్టు మీద ఎలా చేసినా నష్టం లేదు. బాగున్న రెండో పక్క షాఫ్టుకి బేరింగ్ మార్చేటప్పుడే జాగ్రత్త. కొత్త కాలర్‌ని ప్రెస్సు మీద ఎక్కించాలి, గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి కాదు. షాఫ్టుకి పెట్టిన గట్టిదనం మంటకి పోతుంది.

ఇక బలమైన షాఫ్టులు. క్రోమోలీ అని అమ్ముతారు, ఎక్కువగా 4340 రకం ఉక్కు. ఇవి నిజంగానే బలమైనవి. పైగా వ్యాసం కాస్త పెరిగినా బలం బాగా పెరుగుతుంది, ఎందుకంటే మెలిని తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. 30 మి.మీ. షాఫ్టుకి బదులు 33 మి.మీ.ది, అంటే పదో వంతు లావు ఎక్కువ, వేస్తే బలం దాదాపు మూడో వంతు పెరుగుతుంది.

అయితే మీకు అది కావాలా? ఒక చిన్న లెక్క చూడండి. ఇంజిన్ 150 న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకుందాం. ఒకటో గేరు 3.7, లో రేంజి 2.3, యాక్సిల్ 4.1. అన్నీ గుణిస్తే యాక్సిల్ దగ్గర 5,200 న్యూటన్ మీటర్లు దాటుతుంది. కానీ అంతా షాఫ్టు మీద పడదు, టైరు జారిపోతుంది కాబట్టి. ఆ చక్రం మీద 700 కిలోల బరువు, నేల పట్టు 0.8, టైరు వ్యాసార్థం 36 సెం.మీ. అయితే షాఫ్టు చూసేది దాదాపు 1,980 న్యూటన్ మీటర్లే. టైరు జారడమే ఇక్కడ షాఫ్టుకి రక్ష. అదే టైరు వ్యాసార్థం 42 సెం.మీ. చేస్తే 2,300 అవుతుంది. దానికి డిఫ్ లాక్ కూడా తోడైతే, ఒక చక్రం గాల్లో ఉన్నప్పుడు వెనక యాక్సిల్‌కి వచ్చే బలమంతా రెండో షాఫ్టే మోయాలి. అంటే పెద్ద టైర్లు, డిఫ్ లాక్ రెండూ వేసుకున్నవాళ్లకి బలమైన షాఫ్టు దండగ కాదు. కంపెనీ టైర్ల మీద మామూలుగా తిరిగే బండికి అవసరం లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఏదో ఒకటి విరగక తప్పదనుకుంటే, ఏది విరగాలని కోరుకుంటారు? ఫుల్ ఫ్లోటింగ్ బండిలో షాఫ్టు మార్చడం రోడ్డు పక్కన అరగంట పని. సిరీస్ ల్యాండ్ రోవర్ల 10 పళ్ల షాఫ్టులు విరగడానికి పేరుపడ్డవి, అందుకే వాటి యజమానులు సీటు కింద ఒకటి అదనంగా పెట్టుకుని తిరుగుతారు. షాఫ్టుని విరగనిదిగా చేస్తే తర్వాతి బలహీనమైన చోటు క్రౌన్ పినియన్, అంటే డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు, దాన్ని తిప్పే చిన్న గేరు. అది రోడ్డు పక్కన చేసే పని కాదు. ఇంట్లో ఫ్యూజు పోతోందని అక్కడ లావు తీగ చుట్టినట్టు ఉంటుంది. సెమీ ఫ్లోటింగ్‌లో మాత్రం ఈ వాదన అంతగా నిలవదు, అక్కడ షాఫ్టు విరిగితే చక్రమే పోతుంది కదా.

పైన ఆపిన ఏఎంసీ మోడల్ 20 సంగతి ఇక్కడ చెప్పాలి. దానికి హబ్బు, షాఫ్టు కలిపి ఒకే ముక్కగా చేసిన షాఫ్టులు దొరుకుతాయి. కీ తెగే బెడద మొత్తానికే పోతుంది. ఆ యాక్సిల్ ఉన్నవాళ్లు పాత పద్ధతిలోనే మళ్లీ హబ్బు, కీ కొనడం నాకు నచ్చదు, ఒక్క సందర్భంలో తప్ప: బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచాలన్న పట్టుదల ఉన్నప్పుడు.

మొత్తం యాక్సిల్ మార్చడం

హౌసింగ్ వంగినా, ముక్కలు డిఫరెన్షియల్‌లో పడి క్రౌన్ పళ్లు చెడినా, షాఫ్టుల బేరం పక్కనపెట్టి, అదే మోడల్ యాక్సిల్ మొత్తంగా వెతకడం మేలు. నేను అదే చేశాను. కమాన్ల యూ బోల్టులు, షాక్ అబ్జార్బర్లు, ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకు గొట్టం, హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఉంటే అది, ఇంతే విప్పాల్సింది. కాగితం మీద ఒక రోజు పని. తుప్పు పట్టిన నట్లతో రెండు రోజులు. యూ బోల్టులు మాత్రం పాతవి తిరిగి వాడకండి, అవి ఒకసారి సాగిపోయాయి.

వాడిన యాక్సిల్ కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది రేషియో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి పినియన్ ఎన్ని చుట్లు తిరగాలన్నది. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ రేషియోలు కలవాలి. 4.10, 4.11 లాంటి సూక్ష్మమైన తేడా ఫరవాలేదు. 4.10 పక్కన 3.73 పెడితే మాత్రం, ఫోర్ వీల్ వేసిన ప్రతిసారీ ముందు చక్రాలొక వేగం, వెనకవి ఇంకో వేగం కోరతాయి. పదిలో ఒక వంతు తేడా. గట్టి నేల మీద టైర్లు కీచుమంటాయి, ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుపోతుంది.

యాక్సిల్ మీద రేకు బిళ్ల ఉంటే దాన్ని నమ్మకండి, లోపలి గేర్లు ఎవరైనా ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు. లెక్కపెట్టండి. ఒక పక్క చక్రం కదలకుండా పట్టి, రెండో పక్క సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ, పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. ఆ సంఖ్యే రేషియో. ఒక చుట్టు తిప్పితే సగమే వస్తుంది, చాలామంది అక్కడే తికమక పడతారు. లాక్ గానీ లిమిటెడ్ స్లిప్ గానీ లేని మామూలు డిఫరెన్షియల్‌కే ఈ లెక్క. నాకు ముందు దొరికిన యాక్సిల్‌కి రేకు బిళ్ల మీద 4.10 అని స్పష్టంగా ఉంది. పినియన్ మీద సుద్ద గీత గీసి తిప్పితే నాలుగో చుట్టు పూర్తికాకుండానే, ముప్పావు దగ్గర ఆగింది. అమ్మేవాడు కూడా ఆశ్చర్యపోయాడు, కనీసం అలా కనిపించాడు. దాన్ని వదిలేశాను.

తర్వాత నూనె. డ్రైన్ ప్లగ్ విప్పి, వచ్చిన నూనెలో వేళ్లు పెట్టి రుద్దండి. ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల. గోటికి తగిలే అంచులున్న పలుకులు వస్తే ఏదో పన్ను విరుగుతోంది. పాలు కలిపినట్టు ఉంటే నీళ్లు చేరాయి, బేరింగ్‌లు తుప్పు పట్టి ఉంటాయి. పినియన్‌ని చేత్తో పట్టి పైకీ కిందికీ ఊపితే కదలకూడదు. తిప్పడంలో కాస్త ఆట ఉండటం మాత్రం సహజం.

మీ పాత డిఫరెన్షియలే ఉంచుకునేవాళ్లకి కూడా ఈ నూనె పరీక్ష తప్పదు. విరిగిన షాఫ్టు లోపలి తోక చాలాసార్లు డిఫరెన్షియల్ గేర్లోనే ఉండిపోతుంది. పొడుగాటి అయస్కాంతంతో వస్తే అదృష్టం. లేకపోతే డిఫరెన్షియల్ విప్పాలి. దాన్ని అక్కడే వదిలేసి కొత్త షాఫ్టు తోసేవాళ్లని చూశాను, అది స్ప్లైన్లలోకి పూర్తిగా దిగదు.

వేరే బండి యాక్సిల్ పెట్టడం

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు. వేరే బండి యాక్సిల్ పెట్టి చూడు అని కూడా కలపొచ్చు. బలహీనమైన యాక్సిల్ తీసేసి పెద్ద బండిది వేయడం మంచి ఆలోచనే. తయారుచేసినవాళ్లే ఆ పని చేశారు, 1972 నుంచి పొడుగు సిరీస్ 3 ల్యాండ్ రోవర్లకి బలమైన సాలిస్‌బరీ వెనక యాక్సిల్ వేశారు. అందుకే ఆ బండ్లవాళ్లకి పని తేలిక, యాక్సిల్ సొంత కుటుంబంలోనే ఉంది.

బయటి కుటుంబం నుంచి తెస్తే చిక్కులు వరసకడతాయి. వెడల్పు కలవాలి. చక్రం బోల్టుల వరస ముందు దానితో కలవకపోతే స్టెప్నీ ఒకటి చాలదు. డిఫరెన్షియల్ మధ్యలో ఉందా, పక్కకి ఉందా అన్నది ట్రాన్స్‌ఫర్ కేసుతో కుదరాలి. కమాన్ కూర్చునే దిమ్మెలు కోసి కొత్త చోట వెల్డింగ్ చేయాలి, అప్పుడు పినియన్ కోణం తప్పితే జాయింట్ క్రాస్ కొట్టుకుంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారుతుంది. రేషియో కలవకపోతే ముందు గేర్లూ మార్చాలి. పెద్ద వెనక బ్రేకులు వస్తే వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి పక్కకి తిరగొచ్చు. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ నియమాలు ఏమంటున్నాయో ముందే కనుక్కోవాలి. చేతిలో ఇంకో బండి ఉండి, నెలల తరబడి ఇది దిమ్మెల మీద ఉన్నా ఫరవాలేదనుకుంటేనే దిగండి.

వంగిన హౌసింగ్‌ని సరిచేయించడం కూడా ఒక దారే. ప్రెస్సు మీదో, వెల్డింగ్ చారలు వేసి ఆ ముడుచుకునే గుణంతోనో నిటారుగా లాగేవాళ్లు ఉన్నారు. పైన దూలంలా పట్టీ వెల్డింగ్ చేయించుకుంటే మళ్లీ తేలిగ్గా వంగదు, కానీ ఒకేచోట ఆపకుండా వెల్డింగ్ చేస్తే ఆ వేడికే కొత్త వంకర వస్తుంది. ఇంకో హౌసింగ్ దొరకని అరుదైన బండికి మాత్రమే ఈ శ్రమ.

విరిగిన షాఫ్టుని అతికించి వెల్డింగ్ చేస్తామన్న మాట ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. వద్దు. గట్టిపరచిన ఉక్కు వెల్డింగ్ పక్కన పెళుసుబారుతుంది, అక్కడే మళ్లీ తెగుతుంది, ఈసారి మీరు వేగంలో ఉండగా.

బిగించాక

ఏది ఎంచుకున్నా ఆయిల్ సీళ్లు కొత్తవి వేయండి, నూనె తాగిన బ్రేకు షూలు పారేయండి. హౌసింగ్ పైన ఉండే చిన్న బ్రీదర్ మూసుకుపోయిందేమో ఊది చూడండి. అది మూసుకుపోతే వేడెక్కిన గాలి నూనెని సీల్‌లోంచి బయటికి తోస్తుంది, మనం సీల్‌ని తిట్టుకుంటాం. నూనె మాన్యువల్లో చెప్పినదే పోయాలి. 500 కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు మళ్లీ బిగించాలి.

మొదటిసారి బయటికి తీసినప్పుడు ఒక 30 కిలోమీటర్లు పోయి, ఆపి, రెండు వెనక హబ్బుల మీదా వేలి కొసతో తాకి చూడండి. నా బండికి ఆ రోజు కుడిది చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది, ఎడమది గోరువెచ్చగా ఉంది. మూడోసారి కూడా ఇదే పక్కా అని గుండె జారింది. జాకీ పెట్టి చక్రం తిప్పితే షూ రాసుకుంటున్న చప్పుడు వచ్చింది, అంతే. బ్రేకు అడ్జస్టర్ రెండు క్లిక్కులు వదులు చేసి, ఇంకో 30 కిలోమీటర్లు పోయి తాకాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.